తల్లి పేరు అనే గడి

ఎందుకు రాయాల్సి వచ్చింది

బేతంచెర్ల చుట్టుపక్కల ఇప్పటికీ పదకొండు మంది ఉన్నారు. వాళ్లు క్రెడిట్ కార్డు కంపెనీకి ఫోన్ చేసి తమ తల్లి పేరు చెబితే, అది వాళ్ల తల్లి పేరు కాదని కంపెనీ జవాబిస్తుంది. ఎందుకలా అంటుందో కంపెనీకి తెలియదు. ఆ పదకొండు మందికీ తెలియదు. తెలిసి, వాళ్లను వెతుకుతున్నవాణ్ణి నేనొక్కణ్ణే. నాకు అరవై దాటింది, షుగర్ ఉంది, స్కూటర్ మీద తిరుగుతాను. కాబట్టి ఈ సంగతి కాగితం మీద పెట్టకుండా ఉండటం న్యాయం కాదు.

ఇంకో కారణం కూడా ఉంది. మా బ్రాంచిలో కొత్తగా చేరిన ఇద్దరు పిల్లలు మొన్న నన్ను గ్రంథాలయంలో పట్టుకుని, "సార్, ఈ ఉద్యోగం అసలు ఎలా ఉంటుంది?" అని అడిగారు. బ్యాంకు నుంచి రిటైరైనవాళ్లు సాధారణంగా ప్రమోషన్లు, బదిలీలు, సన్మానాలు చెబుతారు. నాకు వచ్చిన ప్రమోషన్ ఒక్కటే. సన్మానంలో కప్పిన శాలువా మా ఇంట్లో ఇస్త్రీ బల్ల మీద పరిచి ఉంది. అందుకని వాటిని వదిలేసి, నా వల్ల జరిగిన ఒక తప్పు గురించి చెబుతాను.

నా చదువు

నేను పదో తరగతి పాసై బ్యాంకులో అటెండరుగా చేరాను. కడపలో ఉండగా క్లర్కు పరీక్షకు చదువుకోవడానికి గ్రంథాలయంలో కూర్చోవడం మొదలుపెట్టాను. పరీక్ష పాసయ్యాను గాని అక్కణ్ణుంచి లేవలేదు. ఏది ముందు చదవాలో చెప్పే గురువు లేడు కాబట్టి బీరువాల వరసనే చదువుతూ పోయాను. ఖగోళశాస్త్రం అయ్యాక తేనెటీగల పెంపకం, ఆ తర్వాత ప్రపంచ చరిత్ర, దాని పక్కనే హోమియోపతి. అందుకే నా జ్ఞానంలో కొన్ని గదులు బాగా వెలుగుతుంటాయి, కొన్ని గదులకు తలుపే లేదు.

చదివింది దాచుకునే అలవాటు నాకు లేదు. బేతంచెర్లలో బండలు పాలిష్ పట్టే కార్మికుల వేళ్ల మీద గీతలు అరిగిపోయి ఉంటాయి. వేలిముద్ర యంత్రం మీద వేలు పెడితే అది మనిషి వేలని యంత్రం నమ్మదు. అలాంటప్పుడు నేను క్యూలో ఉన్నవాళ్లకు, "వేల ఏళ్ల కింద మెసపొటేమియాలో ముద్ర లేని మనిషి తడి మట్టి పలక మీద గోరు గుచ్చితే చాలు, సంతకం కింద లెక్క" అని చెప్పేవాణ్ణి.

"అయితే సార్, గోరు పెట్టమంటావా?" అని ఒకాయన నిజంగానే యంత్రం మీద గోరు పెట్టాడు.

మా మేనేజరు అద్దాల గదిలోంచి అరిచాడు. "సుంకన్నా, మెసపొటేమియా తర్వాత! ముందు టోకెన్ పిలువు!"

సహాయం బల్ల

చివరి ఆరేళ్లు నన్ను 'మే ఐ హెల్ప్ యూ' అని బోర్డు ఉన్న బల్ల దగ్గర కూర్చోబెట్టారు. పిల్లలు తెలుసుకోవాల్సింది ఏమిటంటే, ఆ బల్ల మీద అసలు పని సహాయం చేయడం కాదు. సహాయం వేరే చోట దొరుకుతుందని మర్యాదగా చెప్పడం. చిరునామా మార్చాలంటే మూడో కౌంటరు, మూడో కౌంటరు ఆమె సెలవైతే మంగళవారం, సిస్టం పడుకుంటే సిస్టం లేచాక.

అన్నిటికంటే సులువైన జవాబు కార్డుల గురించి. "కార్డు మాది కాదప్పా, కార్డు కంపెనీ వేరే. వెనకాల నంబరుండాది, ఫోన్ చెయ్." కార్డు మీద మా బ్యాంకు పేరు ఉంటుంది, మా బ్యాంకు బొమ్మ ఉంటుంది, అమ్మింది మేమే. అయినా అది మాది కాదు. ఈ మాట నేను రోజుకు పదిసార్లు చెప్పేవాణ్ణి. చెప్పినప్పుడల్లా బరువు దించుకున్నట్టు హాయిగా ఉండేది.

మస్తాన్ వలికి కూడా అదే చెప్పాను.

పెండ్లి కార్డుల మధ్య కార్డు

మస్తాన్ వలి బండల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లుగా కూలికి పాలిష్ పడుతున్నవాడు. కనుబొమల మీద తెల్లటి రాతిపొడి ఎప్పుడూ ఉండేది. ఒక షెడ్డు యజమాని పని మానుకుంటూ, తన షెడ్డు, పాలిష్ యంత్రం అతనికే ఇస్తానన్నాడట. ఉగాది దాకా ఆగుతాడు, తర్వాత వేరేవాళ్లకు. ఇరవై ఏళ్లు ఇంకొకరి యంత్రం ముందు నిలబడ్డ మనిషికి అది ఎంత పెద్ద మాటో వేరే చెప్పక్కర్లేదు. ఉగాదికి అప్పటికి నలభై రోజులుంది. లోను అడిగితే మా బ్రాంచే కాదంది.

"సార్, నేను ఎవురికీ బాకీ లేను," అన్నాడు బల్ల ముందు నిలబడి. "నా పేరు చెడిపోయిండాదని లోను ఇయ్యరంట. ఏందో కార్డు కట్టలేదంట. నేనెప్పుడు గీకినా సార్ కార్డు? ఈదో చూడు."

ఒక కవరు తీసి పెట్టాడు. చింపనేలేదు.

"తెరిచి కూడా చూడలేదా అప్పా?"

"పెండ్లి పత్రిక అనుకున్యా సార్. మా ఇంట్లో పెండ్లి పత్రికలన్నీ ట్రంకు పెట్టెలో పెడ్తాం. దాంట్లోనే పెట్టినా."

వాడని కార్డుకు ఏటా రుసుము, కట్టని రుసుముకు జరిమానా, జరిమానాకు మళ్లీ జరిమానా. పెట్టెలో పత్రికల మధ్య పడుకుని అది అలా పెరిగింది. నేను నా జవాబు చెప్పాను. కార్డు కంపెనీ వేరే, ఫోన్ చెయ్, కార్డు రద్దు చేయించి జరిమానా మాఫీ అడుగు, వాళ్లు కాగితం ఇస్తే లోను ఫారం మళ్లీ చూస్తారు.

అతను బయటి మెట్ల మీద కూర్చుని ఫోన్ చేసి, కాసేపటికి వచ్చాడు.

"సార్, మా యమ్మ పేరు అడిగినారు. మాబున్నీ అని చెప్పినా. తప్పంట."

"సరిగ్గా చెప్పినావా?"

ఈ ప్రశ్న నేను అడిగాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

"సరిగ్గా అంటే ఏంది సార్? నాకు ఉండేదే ఒక యమ్మ."

ఇంట్లో పిలిచే పేరు కాకుండా రేషన్ కార్డులో ఉన్న పూర్తి పేరు చెప్పమన్నాను. మళ్లీ బయటికి వెళ్లాడు. అదీ తప్పే. ఇంటిపేరు కలిపి చెప్పమన్నాను. మూడోసారి తప్పు కాగానే ఫోనులో అవతలి గొంతు మారింది, లైను మూతపడింది.

"ముప్పై దినాలు మా యమ్మ పేరు చెప్పే పని లేదంట సార్," అన్నాడు మస్తాన్. "ముప్పై దినాల తర్వాత మళ్లా మూడుసార్లు ఇస్తారంట. అప్పుడూ తప్పయితే ఇంగో ముప్పై."

ముప్పై పోతే ఉగాదికి మిగిలేది పది రోజులు. ఇంకో ముప్పై పోతే షెడ్డు పోతుంది. అతను వేళ్ల మీద లెక్కపెడుతుంటే ఆ గీతలు లేని వేళ్లను చూస్తూ కూర్చున్నాను.

మాబున్నీ

మర్నాడు అతని తల్లి వచ్చింది. చిన్న మనిషి, గొంతు మాత్రం హాలంతా ఉంటుంది. రేషన్ కార్డు గుడ్డలో చుట్టి తెచ్చింది.

"నా కొడుక్కి నేను తల్లిని కాదన్న ఆడమనిషి యాడుండాది? ఈడికి పిలువు."

"ఆమె ఈడ ఉండదమ్మా. యాడో ముంబైలో కూచోనుంటాది."

"ముంబైలో ఉండే ఆమెకు ఎట్ల తెలుసు, వీన్ని నేను కనలేదని? కాన్పుకు వచ్చిన్యాదా?"

క్యూలో అందరూ నవ్వారు. నేను నా విద్యను బయటికి తీశాను. పూర్వం రోమన్ల సైన్యంలో రాత్రి కాపలావాళ్లకు ఒక చెక్కముక్క మీద రహస్య పదం రాసి పంపేవారని, ఆ పదం చెప్పలేనివాణ్ణి దండులోకి రానిచ్చేవారు కాదని, తల్లి పేరు కూడా అలాంటి రహస్య పదమేనని వివరించాను.

"నా పేరేమన్నా రహస్యమా?" అంది మాబున్నీ. "వీధి మొదట్లో నిలబడి అడుగు. మేకలు కూడా చెప్తాయి."

 దీనికి రోమన్ల దగ్గర కూడా జవాబు ఉండేది కాదనుకుంటాను.

ఆమె పోతూ పోతూ మస్తాన్ చేతిలోంచి కవరు లాక్కుని నా బల్ల మీద పడేసింది. "పేరు పెట్టి పిలిస్తే పలికే తల్లి బతికుండగానే, తల్లి ఎవురో తెలీదన్నట్ల ఉండాది మీ యవ్వారం," అంది.

మజ్జిగ

రెండు వారాల తర్వాత రంగయ్య శెట్టి వచ్చాడు. బజారులో కిరాణా అంగడి. నెమ్మదస్తుడు, తప్పు కాగితం మీద సంతకం పెట్టే మనిషి కాదు. తన పేరు చెడుతుందన్న భయంతో వాడని కార్డుకు కూడా ఏటా రుసుము కడుతూ వచ్చాడు. ఇప్పుడు మానుకుందామనుకున్నాడు.

"సుంకన్నా, ఒక విచిత్రం విను. మా యమ్మ పేరు సుబ్బలక్షుమ్మ. మా నాయన కాలం నుంచి అంగడి బోర్డు మీద ఉండాది. కార్డువాండ్లు కాదంటాండారు. బోర్డు పీకి వాండ్లకు పంపాల్నా?"

నేను నవ్వాను. మొదట నవ్వాను. తర్వాత, రెండు వారాల్లో ఇద్దరికీ ఒకే జబ్బు రావడం ఏమిటా అనిపించింది. హోమియోపతి పుస్తకంలో ఒక మంచి మాట చదివాను, రోగం గురించి అడిగే ముందు రోగి ఎక్కడెక్కడ తిరిగాడో అడగమని.

"ఈ కార్డు యాడ తీసుకున్యావు శెట్టీ?"

"బలేవాడివే. నువ్వే కదప్పా ఇచ్చింది! పదేండ్ల కింద, బండల ఫ్యాక్టరీల కాడ షామియానా వేసి. ఫారం నింపినోళ్లకంతా మజ్జిగ పోసినారు సూడు. మజ్జిగ తాగినందుకు పదేండ్లు కట్టినా."

మజ్జిగ అనగానే ఆ షామియానా గుర్తొచ్చింది. కొత్తిమీర వేసిన ఆ మజ్జిగ రుచి కూడా గుర్తొచ్చింది.

షామియానా కింద

అప్పటి మేనేజరును మేము టార్గెట్ సార్ అనేవాళ్లం. మంచివాడే. నెలాఖరు వస్తే మాత్రం మనిషిలో మనిషి ఉండేవాడు కాదు. ఆ నెల రెండు వందల కార్డులు చేయాలని పైనుంచి వచ్చింది. అందుకే షామియానా, మజ్జిగ. ఫారాలు నింపేది నేను. గుండ్రటి అక్షరాలని నాకు పేరు.

ఫారంలో తల్లి పేరు అనే గడి ఉంది. అంతవరకు ఏ ఫారంలోనైనా తండ్రి పేరే అడిగేవాళ్లం. క్యూలో మొదట ఉన్నవాడు బండలు లారీకెత్తే హమాలీ.

"మీ యమ్మ పేరేందప్పా?" అన్నాను.

"ఏమంటివి?" అన్నాడు.

"మీ యమ్మ పేరు."

అతను నా కాలరు పట్టుకున్నాడు. "మా యమ్మ పేరు ఎందుకెత్తుతాండావు? నీకేం పని మా యమ్మతో?"

వెనకాలవాళ్లకు పండగైంది. "చెప్పప్పా, అల్లుడు అడుగుతాండాడు!" అని ఒకడు అరిచాడు. మా వైపు పదిమందిలో ఒకడి తల్లి పేరు ఇంకో మగవాడి నోట్లోంచి వస్తే, దాని తర్వాత వచ్చేది తిట్టే. కొట్లాటలు అక్కడే మొదలవుతాయి. ఆ సంగతి ఫారం తయారుచేసినవాళ్లకు తెలియదు. నాకు తెలిసి ఉండాల్సింది, నేను ఈ ఊరివాణ్ణే.

టార్గెట్ సార్ ఫ్యాన్ కింద నుంచి అన్నాడు. "సుంకన్నా, ఆ గడి కాడ ఆగితే సాయంత్రానికి పది కూడా కావు. ఏదో ఒకటి రాయి. ఎవడు చూస్తాడు?"

ఉద్యోగంలో ఈ మాట నేను చాలామంది పెద్దల నోట విన్నాను. పిల్లలు గుర్తుపెట్టుకోవాలి. చూసేవాడు పదేళ్ల తర్వాత ఉంటాడు, ముంబైలో ఉంటాడు, చూసినప్పుడు మనల్ని అడగడు, బండలు మోసే మనిషిని అడుగుతాడు.

ఆ రోజు నేనేం రాశానో నాకు గుర్తు లేదు. నెల తిరక్కుండా మళ్లీ కడపకు బదిలీ అయ్యాను, మూడేళ్లకు పైగా ఉండి వచ్చాను. అందుకని అటెండరు మద్దిలేటిని తీసుకుని రికార్డు గదిలోకి వెళ్లాను. జిరాక్సు కట్ట మూడో బీరువా కింద దొరికింది. దుమ్ము దులిపి మొదటి ఫారం తీశాను. తల్లి పేరు, పుల్లమ్మ. రెండోది, పుల్లమ్మ. మస్తాన్ వలిది, పుల్లమ్మ. శెట్టిది, పుల్లమ్మ. మధ్యాహ్నం తర్వాత అక్షరాలు వంకరపోయాయి గాని తల్లి మారలేదు. మొత్తం రెండు వందల ఏడు ఫారాలు.

మద్దిలేటి నా భుజం మీదుగా చూసి అడిగాడు. "ఎవరు సార్ ఈ మహాతల్లి?"

"మా యమ్మరా," అన్నాను.

అబద్ధం రాయక తప్పనప్పుడు కనీసం గౌరవమైన పేరు రాద్దామని ఆ రోజు అనుకుని ఉంటాను. శెట్లు, రెడ్లు, ముసల్మానులు, చర్చి పాస్టరు, గుడి పూజారి, అందరినీ ఒక తల్లి బిడ్డల్ని చేసేశాను. జాతీయ సమైక్యత మీద గ్రంథాలయంలో ఒక బీరువా నిండా చదివాను. ఇంత తక్కువ సమయంలో సాధించినవాళ్లు అందులో ఎవరూ లేరు. కంప్యూటరు కూడా, ఒకే ఊళ్లో ఒకావిడకు రెండు వందల ఏడుగురు కొడుకులేమిటని ఒక్కసారి అడగలేదు.

మా అమ్మ ఇక్కడి గనుల్లో నాపబండలు మోసి నన్ను చదివించింది. అప్పటికి పోయి చాలా ఏళ్లైంది. ఆమెకు బతికినన్నాళ్లూ బ్యాంకు ఖాతా లేదు.

మేడం విననిది

మా చివరి మేనేజరు శిరీష మేడం, గుంటూరు వైపు మనిషి. వయసులో నా కూతురంత. ఫారాలు ఆమె బల్ల మీద పెట్టి జరిగింది చెప్పబోయాను.

"ఆగండి సుంకన్న గారూ," అంది. "మీరు చెప్పేది నేను వింటే రాసుకోవాలి. రాసుకుంటే పైకి పంపాలి. పైకి పంపితే మీకు మెమో వస్తుంది. మీకింకా పద్నాలుగు నెలల సర్వీసుంది. ఇప్పుడు చెప్పండి, నన్ను వినమంటారా?"

"మస్తాన్‌కు ఉగాది దాకానే టైముండాది మేడం."

ఆమె ఫారాలను చదవకుండా బోర్లా తిప్పి పెట్టింది. "తను సంతకం పెట్టిన ఫారంలో ఏముందో తెలుసుకునే హక్కు ఖాతాదారుడికి ఉందా లేదా?"

"ఉంది మేడం."

"అయితే జిరాక్సు ఆయన చేతికివ్వండి. చేతిరాత ఎవరిదని నేను అడగలేదు. కానీ ఆయనకు మాత్రం మీరే చెప్పాలి. అది నా పని కాదు."

రూలు తలుపు వేయడానికే అనుకునే మేనేజర్లను చాలామందిని చూశాను. ఆ తలుపుకు గడియ ఎటువైపు ఉందో వెతికినది ఈమె ఒక్కతే.

ముప్పై ఒకటో రోజు

ముప్పై రోజులు నిండిన మర్నాడు తల్లీకొడుకులు వచ్చారు. టీ తెప్పించాను. టీ చూడగానే మాబున్నీకి అనుమానం వచ్చింది.

"బ్యాంకులో టీ ఇస్తాండారంటే ఏదో కొంప మునిగిండాది," అంది.

జిరాక్సు బల్ల మీద పెట్టి చెప్పాను. షామియానా, హమాలీ, కాలరు, మజ్జిగ, అంతా. మస్తాన్ ఆ గడి మీద వేలు పెట్టాడు.

"అంటే సార్, పదేండ్లుగా నేను నీ తమ్మున్నా?"

"బ్యాంకు లెక్కలో అంతే."

"మరి అన్నవై ఉండి, నన్ను మూడుసార్లు బయటికి పంపిస్తివి గదా ఫోన్ చెయ్ పో అని."

 తిట్టినా బాగుండేది.

మాబున్నీ మాత్రం కాగితం వైపు చూడలేదు, నా వైపు చూసింది. "ఎవురామె?"

"మా యమ్మ."

"ఉండాదా?"

"లేదు. పోయింది."

"ఏం పని చేసేది?"

"గనిలో బండలు మోసేది."

ఆమె టీ గ్లాసు కింద పెట్టింది. "నేనూ మోసినా," అంది. కొడుకు వైపు తిరిగింది. "ఫోన్ చెయ్‌రా. ఆమె పేరే చెప్పు."

స్పీకరు పెట్టాం. తెలుగుకు రెండు, కార్డుకు నాలుగు, వేచి ఉన్నందుకు కృతజ్ఞతలు, పాట, మళ్లీ కృతజ్ఞతలు, మళ్లీ పాట. ఆఖరుకు ఒక అమ్మాయి వచ్చి తన పేరు శ్వేత అంది. పుట్టిన తేదీ అడిగింది, చెప్పాడు.

"మీ తల్లిగారి పేరు చెప్పండి సార్."

మస్తాన్ నోరు తెరిచాడు. తల్లి ఎదురుగా కూర్చుని ఉంది. నోరు మూశాడు.

"సార్, లైన్లో ఉన్నారా?"

నేను చేతులతో సైగలు చేశాను. శెట్టి కూడా తన వంతు కోసం వచ్చి పక్కనే నిలబడి ఉన్నాడు, అతను పెదవులతో 'పుల్లమ్మ, పుల్లమ్మ' అంటున్నాడు. మస్తాన్ నుదుటి మీద చెమట రాతిపొడిని తడిపింది. 

"సార్, సమాధానం రాకపోతే కాల్ ముగించాల్సి వస్తుంది."

మాబున్నీ ఒక్కసారి ముందుకు వంగింది. "పుల్లమ్మ!"

"ఎవరమ్మా మాట్లాడేది?"

"వాని తల్లిని."

"సార్ తల్లి పుల్లమ్మ గారేనా అమ్మా?"

  మాబున్నీ నా వైపు చూసి, కొంగు సర్దుకుంది.

"ఆ. నేనే."

"థాంక్యూ అమ్మా. కానీ కార్డు సార్ పేరు మీద ఉంది కదా, సారే చెప్పాలి."

"పుల్లమ్మ," అన్నాడు మస్తాన్ నెమ్మదిగా.

"వెరిఫికేషన్ పూర్తయింది సార్."

కార్డు రద్దయింది. వాడలేదు కాబట్టి జరిమానా మాఫీకి పంపుతున్నానంది, వారంలో కాగితం కూడా వచ్చింది. పెట్టేయబోతూ శ్వేత అంది, "సార్, మీలాంటి పాత కస్టమర్లకు మా దగ్గర ఒక కొత్త కార్డు ఉచితంగా..."

"అమ్మా తల్లీ," అన్నాడు శెట్టి ఫోన్ మీదకు వంగి, "మజ్జిగ కూడా ఇస్తారా?"

ఈ పద్ధతిని పిల్లలకు నేను సిఫారసు చేయడం లేదు. ఫోనులో జరిగింది తప్పే. దానికంటే పెద్ద తప్పు పదేళ్ల ముందే జరిగిందని మాత్రం చెబుతున్నాను.

ఒప్పుకోలుకు జవాబు

ఉగాదికి మూడు రోజుల ముందు మస్తాన్ లోను ఫారం మళ్లీ తెచ్చాడు. మాబున్నీ కూడా వచ్చింది, కాపలాకు. ఆ ఫారంలోనూ తల్లి పేరు అనే గడి ఉంది. నేను కలం పట్టుకుని లేచి నిలబడ్డాను.

"అమ్మా, మీ పేరు?"

"మాబున్నీ," అంది, బజారుకు వినిపించేలా.

రాశాను. చదవమంది. చదివాను. మళ్లీ చదవమంది. మూడోసారి చదివాక, "ఆ, ఇప్పుడు బాగుండాది" అని కూర్చుంది. షెడ్డు మస్తాన్‌కే వచ్చింది. నన్ను ఇప్పటికీ అన్నా అనే పిలుస్తాడు, ముఖ్యంగా పదిమంది ఉన్నప్పుడు.

అతని పని అయ్యాక మేడం వద్దన్నా వినకుండా నా తప్పును ఉత్తరం రాసి పైకి పంపాను. భయపడుతూ నాలుగు నెలలు ఎదురుచూశాను. జవాబు వచ్చింది. ఈ విషయం కార్డు కంపెనీకి సంబంధించినది, దయచేసి కింది నంబరుకు ఫోన్ చేయగలరు. చేశాను. నాకూ ఒక కార్డు ఉంది, టార్గెట్ సార్ పుణ్యమే.

"ముందుగా మీ తల్లిగారి పేరు చెప్పండి," అన్నారు.

నేను ఒక్కసారికే పాసయ్యాను. మిగతావాళ్ల సంగతి మాత్రం ఎవరికి వాళ్లే ఫోన్ చేసుకోవాలట.

కాబట్టి మిగిలిన సర్వీసులో ఆదివారాలన్నీ స్కూటర్ మీద తిరిగాను. మొదటి ఇంట్లోనే, "మీ యమ్మ పేరేందప్పా?" అనగానే ఒకాయన పార తీశాడు. వచ్చి మాబున్నీకి చెప్పుకున్నాను.

"నీకు బుద్ధి యాడుండాది సారూ?" అంది. "ముందు నీ యమ్మ పేరు చెప్పు. అప్పుడు వాండ్ల యమ్మ పేరు అడుగు."

ఉద్యోగ జీవితంలో ఏ శిక్షణ తరగతిలోనూ, ఏ బీరువాలోనూ దొరకని పాఠం ఇది. "మా యమ్మ పేరు పుల్లమ్మ, బండలు మోసేది" అని మొదలుపెడితే ఎవరూ పార తీయలేదు. కుర్చీ వేశారు. వాళ్లమ్మ పేరు చెప్పి, ఆ తర్వాత అరగంట ఆమె గురించి చెప్పారు. ఒకచోట రెండు పూటలా అన్నం పెట్టారు. మస్తాన్‌ను, శెట్టిని, ఊళ్లు వదిలిపోయినవాళ్లను, చనిపోయినవాళ్ల వారసులను కలుపుకుని నూట తొంభై ఆరు మంది దొరికారు. కొందరి చేత పేరు మార్పించాను, కొందరి కార్డు రద్దు చేయించాను. మిగిలినవాళ్లు పదకొండు మంది. ఈ రాత వాళ్ల కోసమే. ఇప్పుడు కంపెనీ ఫోనుకు వచ్చే అంకెలు కూడా అడుగుతోంది కాబట్టి, పేరొక్కటి చదివి దొంగలు చేయగలిగిందేమీ లేదు. మధ్యాహ్నాలు నేను గ్రంథాలయంలో పేపర్ల బల్ల దగ్గర ఉంటాను. రండి.

సహాయం చేసినవాళ్లు

కడప గ్రంథాలయంలో బీరువా తాళాలు నా చేతిలో పెట్టి భోజనానికి వెళ్లిన ఓబులేసు గారికి నా చదువంతా రుణపడి ఉంది. రికార్డు గదిలో నాతో పాటు దుమ్ము మింగిన మద్దిలేటికి, వినాల్సింది వినకుండా చేయాల్సింది చేసిన శిరీష మేడంకు, మజ్జిగ గుర్తుపెట్టుకున్న రంగయ్య శెట్టికి, ఓపికగా లైన్లో ఉన్న శ్వేతకు, తిట్టకుండా అన్నా అన్న మస్తాన్ వలికి కృతజ్ఞతలు.

ఇక తమ పేరు నన్ను అడగనిచ్చిన తల్లులు. సుబ్బలక్షుమ్మ, లాలుబీ, మద్దమ్మ, ఈరమ్మ, చెన్నమ్మ, కరీమున్నీ, మరియమ్మ, ఓబులమ్మ, జంగమ్మ, ఉసేనమ్మ, రంగమ్మ, బడేబీ, ఆ హమాలీ వాళ్లమ్మ నాగమ్మ. నూట తొంభై ఆరూ నా నోటుబుక్కులో ఉన్నాయి. మొదటి గీత మీద మాబున్నీ ఉంది, ఆమె ఒప్పుకోదు లేకపోతే.

చివర పదకొండు గీతలు ఖాళీగా ఉంచాను. ఆ పదకొండు మంది వచ్చేదాకా వాళ్లను మా అమ్మే చూసుకుంటుంది. ఆమె పేరు పుల్లమ్మ.